కుర్చీ లేని డైరెక్టరు

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరసల్లో వాళ్లకు కూడా? సరే, మొదలుపెడతాను.

చట్టం జోలికి వెళ్లేముందు మీకో ఈమెయిల్ చదివి వినిపిస్తాను. దివాలా తీసిన ఒక కంపెనీ ఫైలులోది. పేర్లు తీసేశాను. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు అకౌంటెంట్ రాసింది: "కట్టాల్సిన బిల్లులు 14 ఉన్నాయి. బ్యాంకులో ఉన్న డబ్బు ఐదింటికే సరిపోతుంది. ఏవి కట్టమంటారు?" ఈ ఉత్తరం ముగ్గురికి వెళ్లింది. ఇద్దరు డైరెక్టర్లు, మూడో ఆయన కన్సల్టెంట్. 3 గంటల 16 నిమిషాలకు జవాబు వచ్చేసింది: "2, 5, 6, 9, 11 కట్టేయండి. పన్ను సంగతి వచ్చే నెల చూద్దాం. 7వ నంబరు వాళ్లు ఫోన్ చేస్తే నేను ఊళ్లో లేనని చెప్పండి." మరో పావుగంటకు డైరెక్టర్లలో ఒకరు రాశారు: "ఓకే సర్." రెండో డైరెక్టరు అసలు పలకలేదు.

ఆ 3:16 జవాబు రాసింది కన్సల్టెంటు గారు.

ఆయన పేరు కంపెనీ రిజిస్టర్‌లో లేదు. ఆయన్ని డైరెక్టరుగా నియమిస్తూ తీర్మానం లేదు. సమ్మతి పత్రం మీద సంతకం లేదు. నెలనెలా సలహా రుసుము అని బిల్లు పెట్టేవారు, అంతే. కంపెనీ మునిగాక లిక్విడేటర్, అంటే మునిగిన కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి, ప్రశ్నలు పంపితే ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు: "నేను డైరెక్టర్ని కానే కాదు, నన్నెందుకు అడుగుతున్నారు?" ఈ జవాబు చెల్లుతుందా అన్నదే ఇవాళ్టి విషయం. చాలా దేశాల కంపెనీ చట్టాల్లో చెల్లదు. ఎప్పుడు చెల్లదు, ఎందుకు చెల్లదు అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

ముందు నిర్వచనం చూద్దాం. బ్రిటన్ 2006 కంపెనీల చట్టం సెక్షన్ 250 డైరెక్టరంటే ఎవరో ఒకే వాక్యంలో చెబుతుంది. ఏ పేరుతో పిలిచినా సరే, డైరెక్టరు స్థానంలో ఉన్న ఎవరైనా డైరెక్టరే. "నియమితుడైన వ్యక్తి" అన్న మాటే అందులో లేదు, గమనించండి. మీరు ఆయన్ని ట్రస్టీ అనండి, గవర్నర్ అనండి, పెద్దాయన అనండి, చట్టానికి పట్టదు. ఆ స్థానంలో కూర్చుని ఆ పని చేస్తున్నాడా లేదా అన్నదే చూస్తుంది.

ఇది ఈ మధ్య పుట్టిన ఆలోచన అనుకునేరు. 1880లోనే ఇంగ్లండులో ఒక కేసు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు డైరెక్టర్లుగా పనిచేశారు, కానీ ఆ పదవికి అర్హతగా కొనాల్సిన వాటాలు కొనలేదు. అప్పటి న్యాయమూర్తి జార్జ్ జెస్సెల్ దగ్గరకు వచ్చేసరికి, డైరెక్టరుగా నడుచుకున్నవాడు ఆ పనికి సక్రమంగా నియమితుడైనవాడిలాగే జవాబు చెప్పుకోవాలన్న సూత్రం తేలిపోయింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. లేకపోతే నియామకంలో లోపం ఒక రక్షణ కవచంగా మారుతుంది. పద్ధతి ప్రకారం పదవి తీసుకున్నవాడు ఇరుక్కుంటాడు, పద్ధతి పాటించనివాడు హాయిగా తప్పించుకుంటాడు. అప్పుడు ఎవరైనా పద్ధతి ఎందుకు పాటిస్తారు?

భారత చట్టం గురించి ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే దాని దారి కొంచెం వేరు. 1956 చట్టంలో నిర్వచనం బ్రిటిష్ తరహాలోనే ఉండేది, ఏ పేరుతో పిలిచినా డైరెక్టరు స్థానంలో ఉన్నవాడని. 2013 చట్టం సెక్షన్ 2(34) దాన్ని కుదించింది. డైరెక్టరంటే బోర్డుకు నియమితుడైన డైరెక్టరు అంది. ఇంకేం, తెరవెనుక వాళ్లు బతికిపోయారు అనుకోకండి. అదే చట్టంలో "తప్పు చేసిన అధికారి" అనే నిర్వచనం ఉంది, సెక్షన్ 2(60). ఎవరి సలహా, ఆదేశం, సూచన ప్రకారం బోర్డు నడుచుకోవడానికి అలవాటు పడిందో ఆ మనిషి అందులోకి వస్తాడు. ప్రమోటర్ నిర్వచనంలోనూ, 2(69)లో, దాదాపు ఇవే మాటలు. అంటే ముందు తలుపు మూసి పక్క తలుపు తీశారు. డైరెక్టరనే పేరు రాదు, బాధ్యత మాత్రం వస్తుంది. నన్నడిగితే పాత నిర్వచనమే మెరుగు. ఒక చోట చూస్తే తెలిసిపోయేది, ఇప్పుడు నాలుగు సెక్షన్లు తిరగేయాలి.

ఇప్పుడు రకాలకు వద్దాం. కోర్టుల్లో మూడు పేర్లు వినబడతాయి. డి జ్యూరే డైరెక్టరు అంటే కాగితం మీద సక్రమంగా ఉన్నవాడు. డి ఫాక్టో డైరెక్టరు అంటే కాగితం లేకపోయినా ఆ పని చేస్తున్నవాడు. షాడో డైరెక్టరు అంటే తాను ఆ పని చేయకుండా, చేసేవాళ్ల చేత చేయించేవాడు. చక్రం తిప్పేవాడు అంటాం కదా, ఆయనే.

హైడ్రోడాన్ అనే కంపెనీ కేసులో, 1990ల మొదట్లో, జస్టిస్ మిల్లెట్ ఈ తేడాను చక్కగా విడమరిచారు. డి ఫాక్టో డైరెక్టరు బయటికి వచ్చి నేనే డైరెక్టర్ని అన్నట్టు నడుచుకుంటాడు. షాడో డైరెక్టరు నీడలో నక్కి, వేరేవాళ్ల వెనక దాక్కుని, డైరెక్టర్లు వాళ్లే, నేను కాదంటాడు. ఆ వర్ణన ఎంత బాగుందంటే తర్వాత ఇరవై ఏళ్లు లాయర్లందరూ అదే పట్టుకు వేలాడారు. ఒకే మనిషి రెండూ కాలేడని కూడా ఆయన అన్నారు. ఇది మాత్రం నిలవలేదు. నిజజీవితంలో ఒకే మనిషి సోమవారం తానే బేరం కుదురుస్తాడు, మంగళవారం డైరెక్టర్లకు ఫోన్ చేసి ఇలా చేయండని చెబుతాడు. ఈ రెండూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోగలవని తర్వాతి తీర్పులు ఒప్పుకున్నాయి.

డి ఫాక్టో డైరెక్టరని ఎలా తేలుస్తారు? ఒక్క గీటురాయి ఉంటే బాగుండేది. లేదు. 1998లో తీర్పు ప్రచురితమైన ఒక ట్రావెల్ కంపెనీ కేసు చెబుతాను. అందులో ఒకావిడకు డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టర్ అనే హోదా ఉండేది. పేరులోనే డైరెక్టరుంది! ప్రభుత్వం ఆవిడ మీద అనర్హత వేటు, అంటే కొన్నేళ్లపాటు డైరెక్టరుగా ఉండకూడదనే నిషేధం, వేయమని కోరింది. జస్టిస్ జేకబ్ ఒప్పుకోలేదు. హోదా పేరు ఘనంగా ఉంది, కానీ కంపెనీని నిజంగా నడిపే గుంపులో ఆవిడ లేదు, డబ్బు లెక్కల నిర్ణయాల్లో ఆవిడకు చోటు లేదు అన్నారు. ఇది మన కన్సల్టెంటుకు సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఆవిడకు పేరుంది, పెత్తనం లేదు. ఈయనకు పెత్తనం ఉంది, పేరు లేదు. చట్టం రెండు చోట్లా పేరును పక్కన పెట్టింది.

మరి దేన్ని చూస్తారు? వాళ్లు చేసిన పనులన్నీ కుప్పగా పోసి చూస్తారు. 2011లో ముంతాజ్ ప్రాపర్టీస్ అనే కుటుంబ కంపెనీ కేసులో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు, కంపెనీ కార్యకలాపాలు ఏ కేంద్రాల నుంచి నడుస్తున్నాయో వాటిలో ఈ మనిషి ఒకడా అని చూసింది. ఒకడైతే చాలు. ఒక్కడే కానక్కర్లేదు, పైవాడు కానక్కర్లేదు. కుటుంబ కంపెనీల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ మినిట్స్, అంటే మీటింగుల్లో జరిగింది రాసిపెట్టే రికార్డు, ఉండవు, నిర్ణయాలు భోజనాల దగ్గర అయిపోతాయి. రికార్డులు లేవు కాబట్టి నన్నేం చేయలేరు అనుకుంటారు. రికార్డులు ఉంచాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఉంచకపోతే, ఆ ఖాళీ వాళ్లకే ఎదురు తిరగొచ్చు.

2014లో స్మిత్‌టన్ కేసులో లేడీ జస్టిస్ ఆర్డెన్ ఈ చర్చనంతా ఒక చోటికి తెచ్చారు. అందులో మీకు పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను. ఒకటి, నేను డైరెక్టర్ని కాననే నిజాయితీగా నమ్మాను అంటే కుదరదు. మీ మనసులో ఏముందో కాదు, బయటికి మీరేం చేశారో చూస్తారు. రెండు, డైరెక్టర్లు మిమ్మల్ని ఒక మాట అడిగినంత మాత్రాన మీరు డైరెక్టరు అయిపోరు. సంప్రదించడం వేరు, నిర్ణయంలో భాగం కావడం వేరు. ఇంకొకటి, ఏ హోదాలో చేశారన్నది చూడాలి. ఆ కేసులో ప్రతివాది, కంపెనీలో ఎక్కువ వాటా ఉన్న సంస్థకు అధిపతి, పైగా కంపెనీకి పెద్ద ఖాతాదారు. ఆయన జోక్యం చేసుకున్నది నిజమే, కానీ ఆ పనులకు ఆ రెండు హోదాలే సరిపోయాయి. హోదాను ఒక టోపీ అనుకుంటే, డైరెక్టరనే మూడో టోపీ ఆయన తల మీద ఉందని చెప్పలేమంది కోర్టు.

ఈ టోపీల దగ్గరే నేను కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ మొత్తం చట్టంలో నాకు నిద్ర పట్టనివ్వని కేసు ఇదే.

హాలండ్ కేసు. బ్రిటన్ సుప్రీంకోర్టు, 2010 నవంబరు. సంగతేమిటంటే, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల కోసం ఒక ఏర్పాటు చేశారు. వాళ్లను చిన్న చిన్న కంపెనీల్లో వాటాదారులుగా పెట్టి, జీతం కొంచెం, మిగతాది డివిడెండుగా ఇస్తూ పన్ను తగ్గించే పథకం. అలాంటి కంపెనీలు దివాలాలో 42 తేలాయి. ప్రతి కంపెనీకీ డైరెక్టరు ఒక్కరే, ఆ ఒక్కరూ మనిషి కాదు, ఇంకో కంపెనీ. ఆ డైరెక్టరు కంపెనీని నడిపేది ఎవరు? హాలండ్, ఆయన భార్య. తర్వాత ఈ కంపెనీలు కట్టాల్సిన పన్ను అనుకున్నదానికంటే ఎక్కువని తేలింది. అప్పటికే లాభాలు డివిడెండుగా పంచేశారు. పన్ను శాఖకు రావాల్సిన సొమ్ముకు పెట్టెలు ఖాళీ. డివిడెండు చట్టవిరుద్ధంగా ఇచ్చారు, ఇచ్చిన మనిషి హాలండ్, కాబట్టి ఆయన ఈ 42 కంపెనీలకూ డి ఫాక్టో డైరెక్టరు అని పన్ను శాఖ వాదన.

ఇప్పుడు మీరు చెప్పండి. నిర్ణయం తీసుకున్నది ఎవరు? ఆయనే. వేరే మనిషి లేడు. కింది కోర్టు జడ్జి ఆయన్ని డి ఫాక్టో డైరెక్టరనే అన్నారు. అప్పీల్ కోర్టు కాదంది. సుప్రీంకోర్టులో ఐదుగురు కూర్చున్నారు, ముగ్గురు ఇద్దరుగా చీలిపోయారు. లార్డ్ హోప్, లార్డ్ కాలిన్స్, లార్డ్ సావిల్ ఏమన్నారంటే, ఆయన చేసిన ప్రతి పనీ డైరెక్టరు కంపెనీకి డైరెక్టరుగా తన బాధ్యత పరిధిలోనే చేశారు. ఆ గీత దాటి ఏమీ చేయలేదు. కాబట్టి ఆ పనులు ఆ హోదాకే చెందుతాయి. లేకపోతే కంపెనీ వేరు, మనిషి వేరు అన్న పునాదే కదులుతుంది. లార్డ్ వాకర్, లార్డ్ క్లార్క్ ఒప్పుకోలేదు. ఇలాగైతే ముప్పు మోయడం ఇష్టం లేనివాళ్లు కృత్రిమంగా కంపెనీల అంతస్తులు కట్టుకుని, అప్పులిచ్చినవాళ్లకు జవాబు చెప్పకుండా జారుకోవడం తేలికైపోతుందని లార్డ్ వాకర్ హెచ్చరించారు.

నా మొగ్గు ఆ ఇద్దరి వైపే. మెజారిటీ తర్కంలో తప్పు పట్టడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ దాని ఫలితం చూడండి. ఒక మనిషి నేరుగా బోర్డులో కూర్చుంటే దొరుకుతాడు. మధ్యలో ఒక ఖాళీ కంపెనీని కూర్చోబెట్టి దాని వెనక కూర్చుంటే, అదే చేత్తో అదే సంతకం పెట్టినా దొరకడు. 1880లో జెస్సెల్ మూసిన తలుపు ఇది. బ్రిటన్ చట్టం ప్రకారం ఇప్పుడు ప్రతి కంపెనీలో కనీసం ఒక్క డైరెక్టరైనా నిజమైన మనిషి కావాలి, అంటే హాలండ్ కట్టిన ఇల్లు అచ్చు అలాగే ఇవాళ కట్టలేరు. 2015లో కంపెనీలను డైరెక్టర్లుగా పెట్టడాన్నే నిషేధించే నిబంధన కూడా చేశారు. చేశారు గానీ ఏళ్లు గడిచినా అమల్లో పెట్టలేదు.

సరే, నీడలోకి వెళ్దాం.

షాడో డైరెక్టరు నిర్వచనం బ్రిటన్ 2006 చట్టం సెక్షన్ 251లో ఉంది. ఎవరి ఆదేశాలు లేదా సూచనల ప్రకారం కంపెనీ డైరెక్టర్లు నడుచుకోవడానికి అలవాటు పడ్డారో ఆ వ్యక్తి. ఇందులో ప్రతి మాటా ఒక యుద్ధభూమి. "డైరెక్టర్లు" అంటే అందరా, కొందరా? ఒక్క డైరెక్టరు మీ మాట వింటే సరిపోదు. బోర్డును నడిపించగల మెజారిటీ వినాలి. సింగపూర్ చట్టం మెజారిటీ అన్న మాటను నేరుగా రాసేసింది. 1990లో ప్రివీ కౌన్సిల్, అంటే కొన్ని కామన్వెల్త్ దేశాలకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీల్ కోర్టు, తేల్చిన కువైట్ ఏషియా బ్యాంక్ కేసులో ఐదుగురు డైరెక్టర్లలో ఇద్దరు ఆ బ్యాంకు పెట్టిన మనుషులు. ఇద్దరే కదా, మిగతా ముగ్గురు ఆ బ్యాంకు చెప్పినట్టు నడుచుకునేవాళ్లు కాదు. బ్యాంకు బయటపడింది.

ఇక "అలవాటు". ఒక్కసారి ఒక మాట విన్నారని అలవాటు అనలేం. కొంతకాలం పాటు ఒక వరస కనబడాలి. అందుకే నా ఫైలులో ఒక్క శుక్రవారం ఈమెయిల్ చాలదు. అలాంటి శుక్రవారాలు ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న.

"ఆదేశాలు" అంటే? ఇక్కడ డెవెరెల్ కేసు తలుపులు బార్లా తెరిచింది. ఇది కూడా ట్రావెల్ కంపెనీయే. ఈ చట్టానికీ ట్రావెల్ కంపెనీలకూ జాతకం కలిసినట్టుంది. (నవ్వులు) కన్సల్టెంట్లమని చెప్పుకున్న ఇద్దరిని షాడో డైరెక్టర్లుగా అప్పీల్ కోర్టు తేల్చింది. లార్డ్ జస్టిస్ మోరిట్ నాలుగు అపోహలు తుడిచేశారు. నీడలో దాక్కోనక్కర్లేదు, అందరికీ తెలిసేలా చెప్పినా షాడోనే. డైరెక్టర్లు కీలుబొమ్మల్లా, సొంత బుద్ధి లేనట్టు ఉండక్కర్లేదు. కంపెనీ పనులన్నింటి మీదా పట్టు ఉండక్కర్లేదు, కొన్నిటి మీద నిజమైన పలుకుబడి ఉంటే చాలు. సలహా అని పేరు పెట్టినా అది ఆదేశం కావచ్చు. ఆ చివరి మాట చాలామందికి గుండెల్లో రాయి పడేలా చేసింది, ఎందుకంటే మర్యాదస్తులెవరూ ఇలా చేయమని రాయరు కదా. "ఇలా చేస్తే బాగుంటుందేమో చూడండి" అని రాస్తారు. మాట మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది కాదు, ఆ మాట తర్వాత ఏం జరిగిందన్నది చూస్తారు.

అయితే లాయర్లు, ఆడిటర్లు, సలహాదారుల సంగతేమిటి? వృత్తిపరంగా ఇచ్చే సలహాను చట్టం పక్కన పెట్టింది. లాయరు చెప్పినట్టే బోర్డు ఎప్పుడూ నడుచుకున్నా ఆ లాయరు షాడో డైరెక్టరు కాడు. కానీ ఈ గొడుగు వృత్తికే, మనిషికి కాదు. ఆడిటర్ గారు లెక్కలు చూసి చెప్పినంతవరకూ సరే. ఆయనే ఎవర్ని ఉద్యోగంలోంచి తీయాలో, ఏ సరఫరాదారును ఆపాలో చెబుతుంటే అది ఏ వృత్తి?

బ్యాంకులు, పెట్టుబడిదారులు. ఇక్కడ భయం ఎక్కువ, కానీ కోర్టులు నిజానికి వీళ్ల పట్ల కొంత ఉదారంగానే ఉన్నాయి. 1995 నాటి ఒక ఇంగ్లండ్ కేసులో, అప్పిచ్చినవాళ్లు చిక్కుల్లో పడ్డ కంపెనీ వారం వారం పెట్టే మీటింగుల్లో కూర్చుని ఎవరికి ఎంత కట్టాలో కూడా చూసుకున్నారు. షాడో కాదంది కోర్టు. వాళ్లు తమ డబ్బు కాపాడుకుంటున్నారు, అంతే. ఆస్ట్రేలియాలో బజిల్ ఆపరేషన్స్ కేసు ఇంకా బాగుంటుంది. ఆపిల్ కంప్యూటర్ ఆస్ట్రేలియా తన సరుకు అమ్మే దుకాణాల గొలుసు మీద చాలా షరతులు పెట్టింది. ఆ గొలుసు మునిగింది. ఆపిల్ షాడో డైరెక్టరని దావా వేశారు. 2010లో న్యూ సౌత్‌వేల్స్ సుప్రీంకోర్టు, మరుసటేడు అక్కడి అప్పీల్ కోర్టు, రెండూ కాదన్నాయి. ఒప్పుకోకపోతే సరుకు ఇవ్వం అనడం ఒత్తిడే. కానీ ఆ ఒత్తిడిలో డైరెక్టర్లు కూర్చుని, ఒప్పుకోవడమే మనకు మంచిది అని తమ బుర్రతో తామే నిర్ణయించుకున్నారు. మెడ మీద కత్తి ఉండొచ్చు, మెడ మాత్రం ఇంకా వాళ్లదే అన్నమాట.

అదే ఆస్ట్రేలియాలో 1995లో వేరే ఫలితం వచ్చింది. పయనీర్ ఇంటర్నేషనల్ అనే పెద్ద కంపెనీకి జయంట్ రిసోర్సెస్‌లో 42 శాతం వాటా ఉంది. సగం కూడా కాదు. అయినా జయంట్ డబ్బు ఎక్కడ తెచ్చుకోవాలి, ఏ షరతులకు ఒప్పుకోవాలి అన్న నిర్ణయాలు పయనీర్ దగ్గరే జరుగుతున్నాయని తేల్చి, కోర్టు పయనీర్‌ను డైరెక్టరుగా లెక్కగట్టింది. అక్కడ 42 శాతం, హాలండ్‌లో 42 కంపెనీలు. అంకె ఒకటే, ఒకళ్లు మునిగారు, ఒకళ్లు తేలారు. ఇందులో అర్థమేమీ లేదు, గుర్తుంటుందని చెప్పాను.

తేడా ఎక్కడుందో చూశారా? ఆపిల్ తన వైపు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడింది. పయనీర్ బల్లకు అటువైపు వెళ్లి కూర్చుంది. నేను ఫైళ్లు చూసేటప్పుడు వెతికేది ఇదొక్కటే. డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు కట్టాలో ఎవరు తేల్చారు? డబ్బు సరిపడా ఉన్న రోజుల్లో అందరూ డైరెక్టర్లలాగే కనబడతారు. లేని రోజునే ఎవరు ఎవరో బయటపడుతుంది. అందుకే మినిట్స్ పుస్తకం కంటే ముందు చెల్లింపుల జాబితాల వెంట వచ్చిన ఈమెయిళ్లు అడుగుతాను. మినిట్స్ తీరిగ్గా రాసుకుంటారు. ఆరు నిమిషాల్లో వచ్చిన జవాబును ఎవరూ దిద్దరు.

డైరెక్టరని తేలితే ఏమవుతుంది? బ్రిటన్‌లో డి ఫాక్టో డైరెక్టరుకు మామూలు డైరెక్టరు బాధ్యతలన్నీ ఉంటాయి. షాడోకు ఎంతవరకు వర్తిస్తాయన్నది చాలాకాలం నలిగింది. 2005లో ఒక జడ్జి షాడోకు విశ్వాస బాధ్యతలు, అంటే సొంత లాభం కాకుండా కంపెనీ మేలే చూడాలన్న బాధ్యతలు, మామూలుగా ఉండవన్నారు, 2013లో వివెండి కేసులో ఇంకో జడ్జి కనీసం తానిచ్చిన ఆదేశాల మేరకైనా ఉంటాయన్నారు. 2015 సవరణతో పార్లమెంటు వర్తించగలిగినంత మేర వర్తిస్తాయని రాసేసింది. దివాలా చట్టం సెక్షన్ 214 అయితే మొదటి నుంచీ షాడోను కలుపుకునే ఉంది. కంపెనీ ఇక గట్టెక్కదని తెలిసి కూడా వ్యాపారం లాగిస్తే సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు. అనర్హత వేటు 2 నుంచి 15 ఏళ్లు. అప్పటికే వేటు పడినవాడు, లేదా తానే దివాలా తీసి ఇంకా దాన్నుంచి విడుదల కానివాడు ఇలా వెనక నుంచి నడిపితే అది నేరం, రెండేళ్ల దాకా జైలు, పైగా కంపెనీ అప్పులకు తనూ బాధ్యుడు. భార్య పేరో కొడుకు పేరో పెట్టి నడిపేవాళ్లు చాలాసార్లు దొరికేది ఇక్కడే.

మాతృసంస్థకు మాత్రం చిన్న వెసులుబాటు ఉంది. అనుబంధ సంస్థ బోర్డు తన మాట వింటోందన్న ఒక్క కారణంతో మాతృ కంపెనీ డైరెక్టర్ల సాధారణ బాధ్యతల కిందికి రాదు. సెక్షన్ 214 దగ్గర ఆ వెసులుబాటు లేదు.

ఇంకో సంగతి. బాధ్యతలు వస్తాయి గానీ హక్కులు రావు. డైరెక్టరులా నటిస్తే డైరెక్టరు అధికారం పుట్టదు. 1946లో మోరిస్ వర్సెస్ కాన్సెన్ కేసులో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్, నియామకంలో లోపం వేరు, అసలు నియామకమే లేకపోవడం వేరు అని గీత గీసింది. మొదటిదాన్ని చట్టం సర్దుతుంది. రెండోదాన్ని సర్దదు. కాబట్టి ఈ కుర్చీలో కూర్చుంటే బిల్లు వస్తుంది, భోజనం రాదు.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి ఒకరు: రాజీనామా చేసేశాక కూడా పాత డైరెక్టరు బాధ్యుడవుతాడా?)

రాజీనామా నిజమైతే, ఆ తర్వాత జరిగినవాటికి కాడు. కానీ సోమవారం రాజీనామా పత్రం ఇచ్చి, మంగళవారం అదే గదిలో అదే బ్యాంకు మేనేజరుతో అదే బేరం మాట్లాడితే ఆ పత్రానికి విలువేముంది? ఎక్కువ కేసులు ఇలాంటివే. చెక్కుల మీద సంతకం అధికారం తీసేయించుకోండి, ఈమెయిల్ సంతకం కింద హోదా మార్చండి, చెల్లింపుల జాబితా మీకు పంపడం మానేయమనండి. పంపుతూనే ఉంటే జవాబివ్వకండి.

(ఇంకొకరు: మేం ఒక కంపెనీలో పెట్టుబడి పెట్టాం. బోర్డు మీటింగుల్లో పరిశీలకుడిగా కూర్చుంటున్నాం. కొన్ని నిర్ణయాలకు మా అనుమతి కావాలని ఒప్పందంలో ఉంది. ప్రమాదమా?)

వద్దనే హక్కు ఉండడం ప్రమాదం కాదు. వద్దనడం వేరు, ఇలా చేయండనడం వేరు. మీ పరిశీలకుడు మీటింగులో మాట్లాడొచ్చు, బోర్డు మీ మాట కాదని వేరేలా తేల్చిన సందర్భాలు మినిట్స్‌లో కనబడితే ఇంకా మంచిది. టెన్షన్ పడాల్సింది ఆయన మాట్లాడాక ఇంకెవరూ నోరెత్తని మీటింగుల గురించి.

(వెనక వరస నుంచి: ఆ "ఓకే సర్" అన్న డైరెక్టర్ సంగతేమిటి? వాళ్లు బతికిపోయినట్టేనా?)

మంచిది, దీనికే ఎదురుచూస్తున్నాను. బతికిపోలేదు. తెరవెనుక మనిషి దొరికినంత మాత్రాన తెర ముందు మనిషి బాధ్యత పోదు. నాకేం తెలియదు, ఆయన చెప్పినట్టు చేశాను అంటే, డైరెక్టరై ఉండి ఎందుకు తెలుసుకోలేదని అడుగుతారు. ఆ ఫైలులో డైరెక్టరు చిన్న వయసు మనిషి. మొదటి ఉద్యోగం లాంటిది. డైరెక్టరు పదవి ఇస్తున్నాం అంటే సంబరపడి సంతకం పెట్టారు. ఎన్ని "ఓకే సర్"లు ఉన్నాయో నేనే కూర్చుని లెక్కపెట్టాను. పద్నాలుగు నెలల్లో 61. కన్సల్టెంటు గారితో మాట్లాడినప్పుడు, సలహా మాత్రమే ఇచ్చానన్నారు. సరే, మీ సలహాను వాళ్లు వద్దన్న ఒక్క ఈమెయిల్ చూపించండి అన్నాం. రెండు వారాలు గడువు అడిగారు. ఇచ్చాం. ఆ తర్వాత ఆయన లాయరు ఫోన్ చేసి, రాజీకి ఎంతవుతుందని అడిగారు.